చిప్పముక్క

మొన్న పంటు మీద వశిష్ఠ దాటుతుంటే
జేబులోంచి రుమాలు లాగాను.
దాంతోపాటు వచ్చి, చెక్కల సందులోంచి జారిపోయింది
నా ఒకే ఒక్క పిక్కు.
నీళ్లలో పడ్డ చప్పుడు కూడా రాలేదు, అంత తేలికది.
ఆరేళ్లు వాయించాను దానితో.

సఖినేటిపల్లి రేవులో దిగి గిటారు సంచీ దులిపాను:
రెండు బస్సు టిక్కెట్లు, తుప్పు పట్టిన మూడో తీగ,
ఒక లవంగం.
ఆ రాత్రి ప్రార్థన కూడికలో బొటనవేలితోనే లాగించాను.
గోరు చిట్లింది. పాస్టరు గారు మాత్రం
"ఇవాళ చాలా మెత్తగా వాయించావు నాయనా" అన్నారు.

భీమవరం వెళ్లి అరడజను కొన్నాను, తలో మందం.
పల్చనిదాంతో వాయిస్తే
సైకిల్ చక్రానికి పేకముక్క కట్టినట్టు ఒకటే టపటప.
స్వరం కన్నా ముందు ప్లాస్టిక్కు పలుకుతుంది.
మందపాటిది ఆరో తీగ మీద బాగానే దిగింది,
ఒకటో తీగ దగ్గరికొచ్చేసరికి
గడప తట్టుకుని తూలింది.
మధ్యరకం మంచిదే.
మంచిదే అన్నానంటే అర్థమైంది కదా,
పెళ్లిచూపులయ్యాక అబ్బాయి గురించి చెప్పినట్టు.

నా సెల్లు కొట్లో సిమ్ము తీసేసిన అట్టలు డబ్బాడు.
కత్తెరతో కోసి అంచులు సానబెట్టాను.
మొదటి పాట బాగుంది.
మూడో పాటకి నూగు లేచి
తీగల కింద తెల్లగా పిండి రాలింది.

నాయనమ్మ సువార్తమ్మ కొమ్ము దువ్వెన
సగం పళ్లూడి కిటికీలో పడుండేది.
అడక్కుండానే దాని వీపు కోశాను.
గేదె కొమ్ము. చెమట చేతిలో కూడా జారలేదు.
దాని గొంతు ఎలాంటిదంటే,
వాన వెలిశాక కాలవ అవతలి గట్టు నుంచి ఎవరో పిలిచినట్టు:
మాట అర్థం కాదు, మనిషి తెలుస్తుంది.

కోసిన సంగతి ఆవిడకి తెలిసింది. తిట్టలేదు.
లేసు అల్లుతూనే నా చేతి వంక చూసింది.
"అంత బిగబట్టావేంట్రా, దొంగని పట్టుకున్నట్టు?"
తన సూది తీసి నా వేళ్ల మధ్య పెట్టింది.
యాభై ఏళ్ల ఇనప సూది.
ఆవిడ చూపుడువేలు ఆనేచోట చిన్న పల్లం.
"పడిపోద్దేమో అనిపించాలి. పడకూడదు. అంతే."

ఆ వారమంతా పడుతూనే ఉంది.
ఒకసారి కోడిపిల్ల వచ్చి ముక్కుతో పొడిచి చూసి
ఎందుకూ పనికిరాదని వదిలేసింది.

క్రిస్మస్ ముందు కొమ్ముముక్క పొరలు విచ్చింది.
ఈ గాలికి ఏది ఆగింది గనక,
తీగలే నెల తిరిగేసరికి ఎర్రబడతాయి.

ఏసుపాదం బావ కొబ్బరి రాశి దగ్గర
చిప్పలు తట్టి తట్టి ఒకటి ఏరిచ్చాడు:
"కురిడీది తీసుకో. లేత చిప్పకి మాట ఉండదు."
రూపాయి బిళ్ల మందం వచ్చేదాకా గచ్చు మీద రుద్దాను,
మూడు సాయంత్రాలు.
వంపు మాత్రం పోనివ్వలేదు.
బొటనవేలు అందులో సర్దుకుని కూర్చుంటుంది.

గొంతు ముతక, ఒప్పుకుంటాను.
ఒకటో తీగ మీద మెరుపు లేదు.
నాలుగో తీగ మీద మాత్రం
ఖాళీ కుండ మూతి దగ్గర ఊదినట్టు గుండ్రంగా వస్తుంది.
అరుగుతుంది కూడా.
పది రోజులకోసారి గచ్చు మీద రెండు రుద్దులు,
అప్పుడప్పుడే చిన్నదవుతోంది.
పరవాలేదు, డబ్బాలో ఇంకా పద్నాలుగు ముక్కలున్నాయి.
కాదు, పదమూడు.
ఒకదానికి నాయనమ్మ రెండు బెజ్జాలు పెట్టి
సంచీకి బొత్తాం కుట్టేసుకుంది.

ఇప్పుడు పంటెక్కితే పిక్కు పళ్ల మధ్య పెట్టుకుంటాను.
జేబుని నమ్మను.
టిక్కెట్ల కుర్రాడొచ్చి "ఎంతమందండీ" అంటాడు.
నోరు విప్పలేక ఒక వేలు చూపిస్తాను.
"గిటారుక్కూడా కొట్టమంటారా" అని నవ్వుతాడు.
నవ్వితే పడిపోద్ది.
నది మధ్యలో, నాలిక చివర,
ఇంకా కాస్త కొబ్బరి నూనె.