కాటా గుమాస్తా పందిరి

గేటు మీద వంపు తిరిగిన ఇనప పందిరిని
బుడే సాహెబ్ అతికించి వెళ్ళి పదిరోజులైంది.
రెడాక్సైడు ఆరింది.
ఏ తీగ ఎక్కించాలో తేలలేదు.

బీరపాదు పెట్టు, కూరకైనా వస్తుందని ఎదురింటివాళ్ళు.
కాగితంపూలు పెట్టు, నీళ్ళడగవని పాలబ్బాయి.
సామ్రాజ్యం మాత్రం వంటింట్లోంచి ఒకటే మాట:
"ఏదైనా సరే, వాసనుండాలి."

అని, నాలిక కరుచుకుంది.

ఇరవై ఆరేళ్ళు మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడ్డాను.
తేజ, బాడిగ, మూడొందల ముప్ఫై నాలుగు,
కళ్ళు మూసుకుని రకం చెప్పేవాణ్ణి మొదట్లో.
కొత్తగా చేరినవాళ్ళు తుమ్మి తుమ్మి లెక్క తప్పితే
నవ్వేవాణ్ణి.
నాకు తుమ్ము ఆగిపోయిన రోజు
పనివాణ్ణయ్యాననుకున్నాను.
ఏ టిక్కీతో పాటు తూకంలో పోయిందో నా ముక్కు,
ఏ చిట్టాలోనూ రాసిలేదు.
పాలు మాడినా, మొదటి చినుక్కి మట్టి లేచినా
ఇంకొకరు చెప్పాలి నాకు.

నర్సరీలో సత్తిరాజు, కడియం మనిషి,
ఒక్కో కుండీ ముందుకు తోస్తాడు.
"విరజాజండీ, రెండిళ్ళవతలకి కొడతాది.
ఇది మనోరంజితమండీ, పువ్వు ఆకుల్లో దాక్కుంటాది,
ముక్కుతో ఎతుక్కోవాలండీ."
ముక్కుతో వెతుక్కునే పువ్వు!
దాన్ని పక్కన పెట్టించాను.
నాతో దాగుడుమూతలాడితే ఎప్పుడూ అదే గెలుస్తుంది.

శంఖుపూలు. నీలం చూపుకి చాలు, నీడకి చాలదు.

తీగ గులాబీ దగ్గర ఆగాను.
ఏదో దొరసాని పేరు, చీటీ తడిసి సగమే మిగిలింది.
"మా గుంటూరు ఎండకి ఆగుద్దా ఇది?"
సత్తిరాజు ఆకాశం వంక చూశాడు,
అబద్ధం చేతగాని వ్యాపారి.
"పడమటెండ తగలకుండా పెట్టండి.
రోహిణికార్తెలో మొదలుకి ఎండుగడ్డి కప్పండి.
కొమ్మని నిటారుగా పోనివ్వకండి, అడ్డంగా వంచి కట్టండి.
వంగిన చోటల్లా మొగ్గేస్తాదండీ."

చెయ్యి చాపాను. ముల్లు దిగింది.
బతుకంతా కాటా ముల్లు చూస్తూ గడిపినవాణ్ణి,
ఒక ముల్లు నన్ను చూడటం ఇదే మొదలు.
ధర అడక్కుండా రిక్షాలో ఎక్కించాను.

పందిరి రెండో కాలికి రాధామనోహరం.
ఎందుకో సామ్రాజ్యానికి చెప్పలేదు.
చీకటి పడుతుంటే తెల్లగా విచ్చుకుంటుంది,
తెల్లారితే లేత గులాబిరంగు,
మర్నాడు మాపటికి ఎరుపు.
వాసన తగ్గేకొద్దీ రంగెక్కుతుందన్నాడు సత్తిరాజు.
అంటే, నేను చదువుకోగలిగిన వాసన.

మొదటి వేసవికి గులాబీ చచ్చినంత పని చేసింది.
అంటు కిందనుంచి అడవి కొమ్మ ఒకటి
హక్కున్నట్టు లేచింది, కత్తిరించాను.
మళ్ళీ లేచింది. మళ్ళీ.
పై కొమ్మ శ్రావణంలో గానీ కళ్ళు తెరవలేదు.
రాధామనోహరం ఇవేమీ పట్టించుకోకుండా
కరెంటు తీగదాకా పాకి
లైన్‌మన్ చేత తిట్లు తిని వచ్చింది.

ఇప్పుడు రాత్రి ఎనిమిదికి మెట్టు మీద కూర్చుంటాను.
ట్యూషన్ నుంచొచ్చే సైకిళ్ళు
మా గేటు దగ్గర తొక్కడం ఆపి, ఊరికే దొర్లుతాయి.
ఇడ్లీ బండి మనిషి గంట కొట్టడం మర్చిపోతాడు.
ఎవరు ఎంత దూరంలో తల తిప్పారో
మనసులో రాసుకుంటాను.
మొన్న ఎనిమిదడుగులు.
నిన్న తూర్పుగాలి, పన్నెండు.

ఇవాళ యలమంద వచ్చాడు.
టిక్కీలు మోసి మోసి ఒరిగిన భుజం,
నాలాంటిదే ముక్కు.
"వాసనొస్తందా, గుమాస్తా?"
"నాకేం తెలుసు. వస్తోందని వీధి చెబుతోంది."
కింద రాలిన పువ్వొకటి తీసి అతని చేతిలో పెట్టాను,
ఎరుపెక్కి, అంచున ఇంకా కాస్త తెలుపు.

వీధిదీపం కేసి తిప్పి చూశాడు.
అరచేతిలో రెండుసార్లు ఎగరేసి తూచాడు.
"తాలు లేదు," అన్నాడు,
"నిక్కమైన సరుకే."