గొడుగు

కనిగిరిలో ఆ పెళ్ళిరోజు
సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకి
ఖళ్‌మని షట్టర్ బిగుసుకుపోయింది.
పెళ్ళికూతురి అమ్మమ్మ వెంగమాంబ గారు
అక్షింతలు పిడికిట్లో అట్టే పట్టుకుని
"తీశావా నాయనా, వేసేదా?" అని
నా వంకే చూస్తా నిలబడింది.
తలూపాను. అబద్ధం.

ఒంగోలు కొట్లో
వాడిందే, నలభై రెండు వేలంటున్నాడు.
మస్తానమ్మ చీటీ పాడితే ముప్పై వస్తాయి,
మిగతాది శ్రావణం తీర్చాలి.
"ఒకటుందిగా అన్నా, దీన్ని వాడేదెప్పుడు?"
వాడకూడదనే అబ్బాయ్.

వాన మొహం చూడని మా ఊళ్ళో
ఏడాది పొడుగునా మా నాయన
చంకలో గొడుగుతో తిరిగేవాడు.
నవ్వేవాళ్ళం.
ఆయన తడవగా మాత్రం
ఒక్కనాడూ చూళ్ళేదు.

బేరం తెగలేదు.
బస్సు పొదిలి దాటినా
ఆవిడ పిడికిలి విప్పలేదు.