నల్లా వచ్చే యాళ్ల

రాత్రి రెండుంబావుకు గజ్జె మోగింది.
దర్జీ పని నాది, నలభై రెండేండ్లు.
బాలమణి కొంగుకు మూడు గజ్జెలు నేనే కుట్టిన,
లోపలి దిక్కు, బట్ట గుంజకుండ.
ఆమె లేస్తె నాకు తెల్వాలె.

వంటింట్ల గిన్నెలు కదులుతున్నయి.
స్టీలు బిందె, ఎర్ర బకీటు,
మనుమరాలి స్నానం మగ్గు, పప్పు కుక్కర్,
ఏది దొరికితె అది తెచ్చి
వాకిట్ల వరుసగ పెడుతది.
"నల్లా వచ్చే యాళ్లయింది, జరుగు."

మీద సింటెక్సు నిండ ఉన్నది.
బటన్ నొక్కితె మోటరు గుంజుతది.
వారాసిగూడల నీళ్ల కోసం నిద్ర లేసి
పదిహేనేండ్లు దాటింది.
చెప్పిన. చెప్తనే ఉన్న.
"అట్లనా" అంటది, పండుకుంటది.
అర్ధగంటకు మళ్ల గజ్జె.

గాంధీ దవఖాన్ల డాక్టరమ్మ మంచిది.
కాగితం మీద రాసిచ్చింది:
పొద్దుగాల ఎండల కూసోబెట్టు,
పగటీలి ఎక్కువ పండనియ్యకు,
నాలుగు దాటినంక చాయ్ పొయ్యకు,
రాత్రి సన్న లైటు ఉంచు, నీడలకు బెదురుతది.
"మెదడుల గడియారం పాడైతది తాతా ఈ రోగంల" అన్నది.
ఊ కొట్టిన గని
నాకైతె పాడైనట్టు అనిపియ్యలె.
ఎనభై నాలుగుల టైము చూపిస్తున్నదది,
నిమిషం తేడా లేకుండ.

అప్పుడు రోజు ఇడిచి రోజు నీళ్లు.
రెండున్నరకు వస్తె గంటసేపు.
గల్లీకి ఒక్కటే నల్లా, గుంతల దిగి పట్టాలె.
పదకొండు బిందెలు మోసి
తడి చీర మార్చుకొని పక్కకొచ్చి పండేది.
నేనెన్నడు లెవ్వలె.
ఈ మాట ఎవ్వరితోని అనలె ఇప్పటిదాక.
తెల్లారితె గోలెం నిండ నీళ్లుండేవి.
ఇంట్ల గోడ ఉన్నట్టు నీళ్లుంటయి అనుకున్న.

మొన్న శుక్రవారం కోపమొచ్చింది.
మూడు రాత్రులు కన్ను మూతపడలె,
ఎవరిదో జాకెట్టుకు చెయ్యి తిర్లమర్ల కుట్టిన.
ఆ యాష్టకు బకీటు గుంజి ఇసిరేసిన.
"నీళ్లు లేవు, నల్లా లేదు, లైను లేదు,
పండుకో" అని ఒర్రిన.
పక్కింట్ల లైటు ఎలిగింది. ఆరింది.

ఆమె నా దిక్కు చూసింది
గల్లీలకు కొత్తగ దిగిన కిరాయిదార్ని చూసినట్టు.
బకీటు ఏరుకొచ్చి, అంచు కొంగుతోని తుడిచి,
"కొట్లాట దేనికన్నా" అన్నది మెల్లగ.
"మీ ఇంటామెకు పాణం బాగలేదా?
మగోనివి నువ్వచ్చినవ్.
కండ్లు చూడు, ఎట్ల గుంజుకపోయినయో.
నా ముందల పెట్టుకో నీ బిందె.
నేను ఆగుత."

ఏం పెట్టాల్నో తెల్వలె.
చేతికి చెంబు దొరికింది.
తెచ్చి ఆమె బిందె ముందల పెట్టిన.

ఇద్దరం గడప మీద కూసున్నం.
సీతాఫల్‌మండి దిక్కు గూడ్సు బండి
చానసేపు పోయింది.
ఆమె వాళ్లాయన సంగతి చెప్పింది నాకు.
"మంచోడే. పక్కల పాము పోయినా లెవ్వడు.
పగలంత మిషను తొక్కుతడు, పిక్కలు గుంజుతయి.
అందుకే లేపను."

చెంబుల బొట్టు నీళ్లు లేవు,
అయినా దాని దిక్కే చూసిన కొంచెంసేపు.
"అక్కా" అన్న.
యాభై ఏండ్ల సంసారంల అట్ల పిలుసుడు అదే మొదలు.
"లైన్ల నేనుంట. నల్లా రాంగనే లేపుత.
నువ్వు పోయి జర నడుం వాల్చు."

"మరిచిపోవు గద?"

"మరిచిపోను."

లేసింది. గజ్జెలు మంచం దాక పోయినయి,
దుప్పటి కింద ఒక్కపారి కదిలి ఊకున్నయి.

ఇగ నేను గూడ పండుకోవచ్చు.
నాలుగైంది, పాలపాకెట్ల బండి గల్లీలకు తిరిగింది.
చెంబు, బిందె, బకీటు, కుక్కర్,
ఎవరిది ఎక్కడున్నదో అక్కడనే ఉన్నది.
మాటిచ్చిన గద.
కూసున్న.