ఓనరమ్మ

పదకొండేండ్లల నాలుగు కిరాయిండ్లు మారినం నల్లగొండల.
ఆఖరింటి ఓనరమ్మ, మేం ఖాళీ చేసిననాడు
గోడల మేకు బొక్కలు లెక్కబెట్టింది.
పదమూడు.
బొక్కకిరవై చొప్పున అడ్వాన్సుల పట్టుకున్నది.

ఇప్పుడు పానగల్లు దిక్కు నూటిరవై గజాలు.
వంటర్ర మనది, తక్కినయి బ్యాంకోళ్లవి,
ఇరవై ఏండ్లకు ఒక్కొక్కటి విడిపిచ్చుకోవాలె
అంటడు మా ఆయన.
బోరు నాలుగొందల ఫీట్లు దిగింది.
ఆ నీళ్లతోని చాయి కాస్తే చప్పరిచ్చి ఊసినం.
తాగనీకి మళ్ల క్యానే.

మొన్నటి ముసురుకు
స్లాబు మూలకు చెమ్మ.
మాపటికి అరచేయంత,
నడిజాముకు గొర్రెతోలంత.
మా లహరి నిద్రకండ్లతోని లేచి కూసుండి
"అమ్మా, ఓనరమ్మకు ఫోన్ చెయ్యరాదూ" అన్నది.

ఫోను చేతిలనే ఉన్నది.
ఎవలకు చెయ్యాలె?

చుక్క కింద సత్తుగిన్నె పెట్టి
మంచం ఇటు గుంజి పండుకున్నం.

పొద్దుగాల భిక్షం మేస్త్రి ఎక్కి చూసి
"వాలు తప్పింది వదినే" అన్నడు.
తప్పంత వాన మీద పెట్టి
రెండు తట్టల మాలు పూసి పోయిండు.

ఆయన పోయినంక నేను సుత్తె దీసిన.
ఫోటో లేదు, క్యాలెండరు లేదు,
ఉత్తగనే
ముందర్ర గోడకు ఒక మేకు.
మొదటిది వంగింది.
రెండోది రూపాయిబిళ్లంత పెచ్చు ఊడగొట్టింది.
మూడోది దిగింది, జరంత వంకర.

మాపటీలి ఆయన డిపో నుంచొచ్చి
ఏమడగలే.
చెమట అంగి విడిచి
దానికి తలిగేసిండు.