నిలువ నీరు

మా పడవ పేరు పిచ్చుక.
ఇరవై ఒక్క అడుగులు, అందులో అడుగున్నర ముక్కే.
తమ్ముడు అదెలీనో, నేనూ చెరి సగం పెట్టి కొన్నాం.
ట్రామ్ నడిపేదానికి తెరచాప ఎందుకని డిపోలో నవ్వారు.
ఓడలు బళ్లవుతాయిగా, ఒక బండికి ఆశ ఉండకూడదా?

లిస్బన్‌లో పడవ కొనడం సులువే.
నిలువ నీడ కాదు,
నిలువ నీరు దొరకడమే కష్టం.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం,
నా సంచిలో రొట్టె, సార్డీన్ డబ్బా, ఒక గాజు గ్లాసు.
ఏ రేవుకెళ్లినా గ్లాసు నిండా నీళ్లు పోసి
పడవ నడుమ బల్ల మీద పెట్టి చూడాలని నా లెక్క.

మొదటిది ఫెర్రీల దారి పక్కన.
ఫెర్రీ కనుమరుగైన మూడు నిమిషాలకు
దాని అల వచ్చింది,
బాకీ వసూలుకొచ్చినవాడిలా, తలుపైనా తట్టకుండా.
గ్లాసు దొర్లి నా ఒళ్లో పడింది.
"అలవాటైపోతుందమ్మా" అన్నాడు పక్క పడవ బల్తజార్.
అతని పడవ కొక్కేలన్నీ కొత్తవి.
పాతవి ఏమయ్యాయో నేనడగలేదు.

రెండోది తిరిగే వంతెన వెనక.
గ్లాసులో నీళ్లు రెప్ప కూడా వెయ్యలేదు.
ఆఫీసు పిల్ల నవ్వుతూ కాయితం జరిపింది.
అంకె చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాను.
మళ్లీ చూశాను. అంకె మారలేదు.
పైగా వంతెన తెరిచేది వాళ్లు చెప్పిన వేళకే.
వారంలో ఆరు రోజులు టైమ్‌టేబుల్ నన్ను నడుపుతుంది,
ఏడో రోజు కూడానా?

ఎదురొడ్డున చవకైనది ఒకటుందన్నారు.
ఆటుకి నీళ్లన్నీ పోయి, బురదలో పడవలు
కడుపు నిండిన గేదెల్లా పక్కకి ఒరిగి ఉన్నాయి.
ఆరు గంటలు ఆగితే నది తిరిగొస్తుందట.
మేం ఆగలేదు.

చివరిది పెద్ద వంతెన కింద.
పైన ఇనుప జాలీ మీద కార్లు, ఆగకుండా,
ఆకాశమంతా తేనెపట్టయి కదిలినట్టు ఒకటే మోత.
అద్దె సగమే. ఎందుకని అడగక్కర్లేదు.
పళ్లు కూడా జివ్వుమంటున్నాయి నాకు.
గ్లాసు ఒలకలేదు గానీ
నీటి మీద సన్నటి గీతలు, వేలిముద్రలా,
చెరగవు, ఆగవు.

పోదాం పదమని సైగ చేశాను.
నాలుగో ఏట జ్వరం అదెలీనో చెవులు తీసుకుపోయింది,
అప్పట్నుంచీ మా మాటలన్నీ చేతులతోనే.
వాడు నన్ను చూడటం లేదు. గ్లాసుని చూస్తున్నాడు.
లేచి, తెరచాప కొయ్య మీద అరచెయ్యి ఆనించాడు.
తర్వాత బూట్లు విప్పాడు.
మేజోళ్లు కూడా.
చెక్క మీద ఉత్త పాదాలతో నిలబడి
చాలాసేపటికి నావైపు తిరిగి అడిగాడు
ఏమిటని కాదు,
ఎవరు? అని.

పైకి చూపించాను.
ఇక మొదలైంది:
ఒక వేలు ఎత్తితే కారు,
పిడికిలి బిగిస్తే లారీ,
నేను తలెత్తి చూసేలోపే చెప్పేస్తున్నాడు, అన్నీ సరిగ్గానే.
వంతెన కింది అంతస్తులో రైలు వచ్చింది.
రెండు చేతులతో తొడలు చరుచుకుని
యాభై మూడేళ్లవాడు పడవలో గంతులేశాడు.
పక్క పడవల్లో జనం తల తిప్పారు.

నాకిక్కడ నిద్ర పట్టదు.
పడవలో పడుకుని నీటి చప్పుడు వినాలన్నది నా కోరిక,
పదేళ్లుగా దాచుకున్నది.
దాన్ని మడిచి సంచిలో గ్లాసు పక్కన పెట్టాను.

సంతకం పెట్టాను. మూడు నెలల అద్దె ముందే కట్టాలన్నారు, కట్టాను.
మందుల షాపులో దూది కొన్నాను.
పడవ పక్కలకి కట్టడానికి డిపో గోదాంలోంచి
రెండు పాత రబ్బరు ముక్కలు
ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్నాను.

తర్వాతి ఆదివారం గాలి బాగుంది, పోటు కూడా.
తాడు విప్పబోతుంటే
అదెలీనో నా మణికట్టు పట్టుకున్నాడు:
ఆగు,
రైలు పోనీ.