రెండక్షరాల ఖాళీ

సీసానికి వాసన ఉండదంటారు.
ఒతిలియా చేతుల్ని అడగండి.
లితొవెల్ ఊళ్లో, వంతెన పక్క సందులో
బోర్డు మీద పేరు నాన్నది: మత్యాష్ క్లపల్, ముద్రాపకుడు.
లోపల అక్షరాలు కూర్చేది మాత్రం ఆమె,
ఆయన వేళ్లు వణకడం మొదలైన చలికాలం నుంచి.

ఊరికి తెలియదు.
తెలిసినవాళ్లు తెలియనట్టున్నారు.
రొట్టెలవాడి బాకీ, ఇద్దరు తమ్ముళ్ల బూట్లు,
బొగ్గు, నాన్న మందు, మళ్లీ బొగ్గు.
పెళ్లి పేర్లు, చావు పేర్లు, సంతలో గెలిచిన ఎద్దు పేరు కూడా
అచ్చువేసింది.
తన పేరుకి పని పడలేదు.

గురువారం గురువారం బండిలో వచ్చేది
పత్రికకి నవల, ఒక్కో అధ్యాయం.
రాసేది బ్రనోలో ఉండే ఓ పెద్దమనిషి,
దస్తూరి కోడి కెలికినట్టు.
కథలో పిండిమర యజమాని కూతురు
గాజు మీద బొమ్మలు వేస్తుంది.
దూరాన ఎక్కడో కొలిమి నుంచి పిలుపొచ్చింది.
ఇంట్లో అప్పు, మంచం పట్టిన తండ్రి.
తల్లి మాట్లాడదు, గిన్నెలు మాట్లాడతాయి.
ఇరవై ఆరు వారాలు ఒతిలియా ఆ పిల్లని
తలకిందులుగా, సీసంలో చదివింది.
కొందరు అలా చదివితేనే తిన్నగా కనిపిస్తారు.

ఆఖరి అధ్యాయం, ఆఖరి పంక్తి.
ఏటి గట్టున నిలబడి ఆ పిల్ల అనాలి:
"నేను వెళ్లను."

మన తెలుగులో కాదనడం క్రియ కడుపులో ఉంటుంది,
చీల్చి తీస్తే మాటే చచ్చిపోతుంది.
వాళ్ల భాషలో అది గుమ్మంలో నిలబడుతుంది,
క్రియకి ముందు, రెండే రెండు అక్షరాలు.
అవి తప్పుకుంటే
మిగిలిన మాట నడిచి వెళ్లిపోతుంది.

ఆ రెండూ పడలేదు.
చెయ్యి జారిందో, దీపం కొండెక్కిందో,
చిన్న తమ్ముడు అప్పుడే దగ్గాడో,
నాకు తెలియదు.
తెలిసిన మనిషి చెప్పలేదు.

అచ్చుకి ముందు నాన్న వచ్చి
ఎప్పటిలాగే పంక్తుల మీద వేలు నడిపాడు.
చూపు మందగించాక వేలే ఆయనకి కళ్లద్దం.
పొద్దున వ్రాతప్రతిని ఆమె చేతే
రెండుసార్లు చదివించుకున్నాడు.
అడుగు పంక్తిలో వేలు ఆగింది.
వెనక్కి వెళ్లింది. మళ్లీ అక్కడికే వచ్చింది.
"సిరా మరీ ఎక్కువ పట్టించకు" అన్నాడు.
పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాడు,
చాలాసేపు, ఆ చలిలో.

పత్రిక బయటికొచ్చాక
రాసినాయన రైలు దిగాడు, మండిపోతూ.
పోస్టుమాస్టరు భార్య స్టేషన్లోనే ఆయన చెయ్యి పట్టుకుంది:
"ఎంత బాగా పంపించారండీ దాన్ని!"
అని భోరుమంది.
తర్వాతి బండికే ఆయన వెనక్కి మళ్లాడు,
కోటు బొత్తామైనా విప్పకుండా.

ఇప్పుడది బడిలో పాఠం.
కథానాయిక సాహసానికి కారణాలు
పిల్లలు పరీక్షలో అయిదు రాస్తారు.
వాటిలో సీసం లేదు.

ఒతిలియా ఎక్కడికీ వెళ్లలేదు.
నాన్నని కడదాకా చూసుకుంది.
బోర్డు పెచ్చులూడితే
ఆయన పేరే తన కుంచెతో దిద్దింది.
ఇందులో ఏం గెలిచిందని అడిగితే
నా దగ్గర జవాబు లేదు.

ఒక వేసవిలో తమ్ముళ్లు వచ్చారు,
మంచి బూట్లతో.
యంత్రానికి ఓలొమొత్స్‌లో బేరం కుదిరిందట,
సంతకం ఒక్కటే బాకీ.
"నీకిక ఈ చాకిరీ ఎందుకక్కా?"

ఆమె వేళ్ల సందుల్లో నలుపు తుడుచుకుంది.
ఎప్పుడో వాడకుండా మిగిలిపోయిన రెండక్షరాలు
నెమ్మదిగా తెచ్చి
గుమ్మంలో నిలబెట్టింది.

"అమ్మను."