పదిహేడో ఇంటర్వ్యూ

బ్రాడ్‌ఫర్డ్‌లో నాలుగింటికే చీకటి.
మూడో అంతస్తులో హీటరు ఒకవైపే పనిచేస్తుంది,
కుడి మోకాలు వెచ్చగా, ఎడమది డిసెంబరులో.
చెవుల్లో సిరిసిల్ల.
నూట పన్నెండు మందిలో పదిహేడోవాడు,
ఎనిమిది మరమగ్గాల ఆసామి వేముల ఓదెలు.
నా పట్టికలో ఆయనకు పేరుండదు, పి-పదిహేడు.

నా పరిశోధన ఆలస్యం మీద.
చిన్న పరిశ్రమకు రావలసిన బాకీ
ఎన్నాళ్ళకు వస్తుంది,
రాని రోజుల్లో ఏది ముందు ఆగిపోతుంది
అని అడగడానికి నలభై రెండు ప్రశ్నలు,
ఎథిక్స్ కమిటీ ఆమోదం, రెండు భాషల్లో సమ్మతి పత్రం.
ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు.
"గిసొంటియి మస్తు పెట్టిన."

తొమ్మిదో ప్రశ్న: సరుకు ఇచ్చిన తేదీ, సొమ్ము అందిన తేదీ.
"గుడ్డ ఇచ్చిన తారీకు నాది బిడ్డా,
పైసలచ్చే తారీకు వాళ్లది."
స్కూలు యూనిఫారాల గుడ్డ.
రెండు వందల పద్నాలుగు రోజులు.
ఈలోపు ఆ గుడ్డ చొక్కా అయి
ఏ పిల్లాడి మోచేతి దగ్గరో చిరిగి కూడా ఉంటుంది.

సాఫ్ట్‌వేరు ఆ అంకెను ఎర్రగా చూపించింది:
అసాధారణం, తీసెయ్యవచ్చు.
తీసెయ్యలేదు.
ఉంచడానికి కారణం రాయమంది. అదీ రాయలేదు.

ఇరవై మూడు దగ్గర మాత్రం ఇరుక్కుపోయాను.
నిర్వహణ సామర్థ్యం, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు.
పెట్టుబడి ఎలా నిర్వహిస్తున్నారు?
మగ్గాల టకటకలోంచి ఆయన
"మేనేజ్ జేస్తున్నం మేడం."
ఈ ఊళ్ళో ఆ మాటకు
ఒక భవనం ఉంది, నాలుగు రకాల డిగ్రీలున్నాయి,
గోడ మీద దాతల పేర్లున్నాయి.
మన దగ్గర అదే మాటంటే
నలుగురి చారులో అయిదో మనిషికి నీళ్ళు పొయ్యడం,
నూలు సేటుకు సోమవారమని,
మగ్గం నడిపేవాడికి శనివారమని చెప్పి
ఆదివారం ఫోను ఆపెయ్యడం.
దీనికి ఎన్ని మార్కులు?

మా గైడు హిలరీ ఆక్రాయిడ్ తలుపు కొట్టకుండా వచ్చింది,
నాలుగో పట్టిక తప్పని చెప్పడానికి.
తెర మీద వీడియో నడుస్తోంది, శబ్దం నా చెవుల్లోనే.
చెప్పబోయింది చెప్పకుండా నిలబడిపోయింది.
"ఇతను పెదాలతో మాట్లాడుతున్నాడు.
మగ్గాల మధ్య బతికినవాళ్ళ నోరు ఇలాగే ఉంటుంది,
ప్రతి మాటనూ కత్తిరించి చేతికిచ్చినట్టు.
మా అమ్మ మానింగ్‌హామ్ మిల్లులో ఇరవయ్యారేళ్ళు."
కిటికీలోంచి ఆ చిమ్నీ కనిపిస్తుంది.
మిల్లులో ఇప్పుడు అపార్టుమెంట్లు.

ఒక్క తెలుగు ముక్క రాని మనిషి
వెనక్కి తిప్పమంది. ఇంకోసారి. ఇంకోసారి.
"మేనేజ్," అంది. "మేనేజ్ అన్నాడు కదూ?
జీతం శుక్రవారం ఇచ్చేవాళ్ళు.
గురువారం రాత్రి మా అమ్మదీ ఇదే మాట,
ఇంట్లో ఏ మోతా లేకపోయినా
ఇంతే నోరు తెరిచి."

నేనేమీ అనలేదు. తనూ కళ్ళు తుడుచుకోలేదు, అలాంటిదేం లేదు.
"నాలుగో పట్టిక చూడు" అని వెళ్ళబోతూ
"ఆ రెండు వందల పద్నాలుగు ఉండనీ" అంది.

ముప్పై ఎనిమిదో నిమిషంలో కరెంటు పోయింది, అక్కడ.
ఎనిమిది మగ్గాలూ ఒక్కసారే ఆగాయి.
మోత ఆగిందని తెలియక ఓదెలు ఇంకా అరుస్తూనే ఉన్నాడు,
తెలిసి, నవ్వి, గొంతు దించాడు.
వెనకాల ఎవరిదో ఆడగొంతు.
సమ్మతి పత్రంలో లేదు కాబట్టి
నియమం ప్రకారం చెరిపెయ్యాలి.
"ఆ పిల్ల చాయ్ తాగుతదేమో అడుగు.
పాలు లెవ్వు గని, అడుగైతె అడుగు."